పాత పార్కులో కొత్త మ్యూజియం: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా మ్యూజియం మాట ఎత్తగానే "ఊరి మధ్యలో పార్కు ఉంది కదా, అందులో కట్టేస్తే సరి" అని ఎవరో ఒకరు అంటారు. ఆర్కిటెక్చర్ చదువుతున్న విద్యార్థులు, ఉదయం నడకకు వచ్చే పెద్దలు, పురపాలక పనులు తెలిసిన మిత్రులు ఈ విషయమై నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలను ఒకచోట చేర్చి జవాబులు రాశాను. నా పక్షం ముందే చెబుతాను. పాత పార్కులో కొత్త మ్యూజియం కట్టవచ్చు. అయితే పని పూర్తయ్యేసరికి పార్కుకు మునుపటికన్నా ఎక్కువ నేల, ఎక్కువ నీడ మిగలాలి. ఆ లెక్క తేలకపోతే ఎంత పేరున్నవారు గీసిన నమూనా అయినా పక్కన పెట్టాల్సిందే.

ఊరి బయట స్థలం ఉండగా పార్కులోనే ఎందుకు?

చాలా సందర్భాల్లో పార్కులో కట్టనక్కర్లేదు. ఊళ్లోనే వాడకం లేని పాత కార్యాలయమో, గోదామో, పాఠశాల భవనమో ఉంటే దాన్ని బాగుచేసుకోవడం మేలు. అయినా పార్కు పేరు పదేపదే రావడానికి బలమైన కారణమే ఉంది. మ్యూజియం బతకాలంటే మనుషులు నడిచి రాగలగాలి. బైపాసు పక్కన కట్టిన భవనానికి ఏడాదికోసారి విహారయాత్ర బస్సులు వస్తాయి, మిగతా రోజుల్లో కాపలాదారు ఒక్కడే ఉంటాడు. పార్కులో అయితే మనవడిని ఆడించడానికి వచ్చిన తాత కూడా గుమ్మం దాకా వస్తాడు.

తిరుపతికి మరో కారణం కూడా ఉంది. దర్శనానికి ముందో తర్వాతో నాలుగైదు గంటలు గడపవలసిన యాత్రికులు రోజూ పెద్ద సంఖ్యలో ఈ ఊళ్లో ఉంటారు. వాళ్లకు నీడ, మంచినీళ్లు, కూర్చోవడానికి అరుగు, చూడటానికి ఈ నేల చరిత్ర చెప్పే నాలుగు వస్తువులు దొరికితే ఊరికి వాళ్లతో కొత్త పరిచయం ఏర్పడుతుంది. అందుకే ఈ ప్రశ్నను నేను తేలికగా తీసుకోను.

ఈ చర్చలో ప్రతిసారీ బుడాపెస్ట్ పేరు ఎందుకు వస్తుంది?

హంగరీ రాజధానిలోని సిటీ పార్కు ప్రపంచంలో ప్రజల కోసం రూపొందించిన తొలి ఉద్యానాలలో ఒకటి. 1813లో పెట్టిన పోటీలో జర్మన్ ఉద్యానశిల్పి హెన్రిక్ నెబ్బీన్ ప్రణాళిక ఎంపికైంది. విస్తీర్ణం సుమారు 100 హెక్టార్లు, అంటే మన లెక్కలో దాదాపు 250 ఎకరాలు. 1896లో హంగరీ వెయ్యేళ్ల ఉత్సవాల ప్రదర్శన అక్కడే జరిగింది. యూరప్ ప్రధాన భూభాగంలో మొదటి భూగర్భ విద్యుత్ రైలు ఆ ఏడాదే ఆ పార్కు దాకా నడిచింది. అంత చరిత్ర ఉన్న చోట మ్యూజియాల సముదాయం కట్టాలని ప్రభుత్వం తలపెట్టి, 2014లో అంతర్జాతీయ పోటీ పిలిచింది. వాటిలో రెండు భవనాలు 2022లో తెరుచుకున్నాయి.

మొదటిది జపాన్ ఆర్కిటెక్ట్ సౌ ఫుజిమోటో రూపొందించిన సంగీత భవనం. వాడకం తప్పిన పాత ఆఫీసు భవనాలను కూల్చి అదే చోట కట్టారు. పైకప్పు వెడల్పైన గొడుగులా చెట్ల మధ్య పరుచుకుని ఉంటుంది. దానికి దాదాపు వంద రంధ్రాలు ఉన్నాయి. వాటి గుండా వెలుతురు కిందికి దిగుతుంది. లోకప్పుకు సుమారు 30,000 బంగారు వన్నె ఆకులు అమర్చారు. గోడల బదులు గాజు పలకలు. కొన్ని 12 మీటర్ల ఎత్తు దాకా ఉంటాయి. అసలు ప్రదర్శనశాలను భూమి కిందికి దించడం వల్ల నేల మీద భవనం చిన్నదిగా, తేలికగా కనిపిస్తుంది.

రెండోది జానపద సంస్కృతి మ్యూజియం. దీన్ని మార్సెల్ ఫెరెంత్స్ నాయకత్వంలోని నాపుర్ సంస్థ గీసింది. రెండు కొండవాలులు ఎదురెదురుగా లేచినట్టు ఉండే ఆ భవనంలో దాదాపు 60 శాతం నేల కిందే ఉంది. పైన 7,000 చదరపు మీటర్లకు మించిన తోట. ఎవరైనా ఎక్కి కూర్చోవచ్చు. ముఖభాగాన్ని కప్పిన లోహపు జాలీలో హంగరీ సేకరణల నుంచి, ప్రపంచ సేకరణల నుంచి తీసుకున్న అల్లికల, నేతల నమూనాలు కనిపిస్తాయి.

నాకు అన్నిటికన్నా నచ్చింది రెండో భవనానికి ఎంచుకున్న చోటు. అది పార్కు అంచు. కమ్యూనిస్టు కాలంలో కవాతులు జరిగిన మైదానం. ఒకప్పుడు స్టాలిన్ విగ్రహం నిలిచిన చోటు. 1956 తిరుగుబాటులో జనం ఆ విగ్రహాన్ని కూలదోశారు. తర్వాత చాలాకాలం అది కార్లు నిలిపే బయలుగా ఉండిపోయింది. అప్పటికే చెడిపోయిన నేలను ఎంచుకుని దాని మీద పచ్చిక పరిచారు. మన దగ్గర పార్కులో భవనం అనగానే చూపు పచ్చగా ఉన్న నడిమధ్యకే పోతుంది. వాడిపోయిన మూలనో, తారు పోసిన అంచునో ఎంచుకోవడం మనకు ఇంకా అలవాటు కాలేదు.

అక్కడి ప్రజలు దాన్ని ఒప్పుకున్నారా?

అందరూ ఒప్పుకోలేదు. 2016లో పార్కు రక్షకులమని చెప్పుకున్న పౌరులు గుడారాలు వేసుకుని అక్కడే కాపలా ఉన్నారు. చెట్ల నరికివేతను అడ్డుకున్నారు. పోలీసులు వచ్చారు. 2019లో కొత్తగా ఎన్నికైన మేయర్ గెర్గెయ్ కరాచొన్ ఇకపై పార్కులో కొత్త భవనాలు వద్దన్నారు. జపాన్ సంస్థ సానా గీసిన కొత్త జాతీయ చిత్రశాల నమూనా కాగితం మీదే ఆగింది. కట్టిన రెంటినీ మెచ్చుకుంటూనే ఈ ఆగిపోయిన మూడోదాన్ని కూడా నేను విద్యార్థులకు చూపిస్తాను. పార్కు ఎంత భారాన్ని మోయగలదో చివరికి తేల్చింది ఆ ఊరి మనుషులే.

ఆ పథకంలో అంతగా ఎవరూ చెప్పుకోని మంచి నిర్ణయం మరొకటి ఉంది. మ్యూజియాల వస్తు నిల్వను, మరమ్మతు ప్రయోగశాలలను పార్కులో పెట్టలేదు. నగరంలోనే మరోచోట, పాత ఆసుపత్రి స్థలంలో వేరే కేంద్రం కట్టారు. ఏ మ్యూజియంలోనైనా జనం చూసేది సేకరణలో కొద్ది భాగమే. మిగిలినదంతా గిడ్డంగుల్లో ఉంటుంది. ఆ గిడ్డంగులకు చెట్ల నీడ అక్కర్లేదు.

చరిత్ర ఉన్న చోట భవనం కూడా పాత శైలిలోనే ఉండాలి కదా? గోపురం, స్తంభాలు పెడితే బాగుండదా?

ఈ ప్రశ్న అడిగేవారి ప్రేమను నేను శంకించను. అయినా నా జవాబు వద్దనే. సిమెంటుతో అచ్చుపోసిన స్తంభాలు, ఫైబర్‌తో చేసిన తోరణాలు నిజమైన పాత కట్టడాల విలువను తగ్గిస్తాయి. ఏది పాతదో ఏది కొత్తదో పిల్లలకు తెలియకుండా పోతుంది. పాత కట్టడాల పరిరక్షణ కోసం 1964లో వచ్చిన వెనిస్ ఒడంబడిక ఈ మాటే చెబుతుంది: పాత కట్టడానికి తప్పనిసరై ఏదైనా చేరిస్తే అది తన కాలపు ముద్రతో వేరుగా తెలియాలి. చారిత్రక ఉద్యానాల కోసం 1981లో ఫ్లోరెన్స్‌లో మరో ఒడంబడిక వచ్చింది. చెట్లు, నీరు, బాటలు కూడా కట్టడం ఎంత ముఖ్యమో అంత ముఖ్యమని, ఉద్యానం మొత్తాన్నీ ఒక స్మారకంగానే చూడాలని అది గుర్తుచేస్తుంది.

మన చంద్రగిరి రాజమహల్‌నే చూడండి. కింద సుల్తానుల భవనాల తరహా కమానులు, పైన గుడి విమానాన్ని తలపించే శిఖరాలు. విజయనగరం వారు కట్టినప్పుడు అది సమకాలీన భవనమే. పక్క రాజ్యాల్లో చూసిన మంచిని ధైర్యంగా తెచ్చి తమ పనితనంతో కలిపారు. వాళ్ల నుంచి మనం నేర్చుకోవలసింది ఆ ధైర్యాన్ని. శిఖరం ఆకారాన్ని నకలు తీస్తే అది రాదు. చూరు ఎంత బయటికి రావాలి, రాయిని ఎలా పేర్చాలి, వేడిగాలి ఎటు పోవాలి అన్నవి పాత కట్టడాలను అడిగి తెలుసుకుని, ఈ కాలపు భవనం గీయాలి.

నేల కింద కట్టేస్తే గొడవే ఉండదు కదా?

ఢిల్లీలో హుమాయూన్ సమాధి పక్కన 2024 జులైలో తెరిచిన మ్యూజియాన్ని చూసినవారు ఈ ప్రశ్న ఎక్కువగా అడుగుతున్నారు. హుమాయూన్ సమాధికి, 90 ఎకరాల సుందర్ నర్సరీ ఉద్యానానికి మధ్య దాన్ని భూమిలోకి దించి కట్టారు. ఉత్తరాది దిగుడుబావుల నుంచి ఊహ తీసుకున్నారు. వాలు దారి మీదుగా దిగుతుంటే ఎండ వెనకబడుతుంది. సమాధి గుమ్మటానికి పోటీగా ఏ కప్పూ పైకి లేవలేదు. చాలా మంచి పని.

అయితే తిరుపతి వాన వేరు. ఈశాన్య రుతుపవనాల కాలంలో బంగాళాఖాతంలో వాయుగుండం పడితే శేషాచలం మీద కురిసిన నీరంతా ఒక్కసారిగా ఊరి మీదికి దిగుతుంది. 2021 నవంబరులో వీధులు ఏరులైన రోజులు ఇక్కడ ఎవరూ మరిచిపోలేదు. అలాంటి చోట సెల్లారులో తాళపత్రాలు పెట్టడానికి నాకు మనసొప్పదు. పారిస్‌లోని లూవ్ర్ అంతటి మ్యూజియమే 2016లో సీన్ నది పొంగితే నేలమాళిగల్లోని వస్తువులను హడావుడిగా పైకి చేర్చుకుంది. ఆ తర్వాత నిల్వలను లియేవాన్ అనే దూరపు పట్టణానికి తరలించింది. లోతుగా తవ్వినప్పుడు ఊటనీటిని నెలల తరబడి తోడేయడం వల్ల చుట్టుపక్కల చెట్లకు నీరందదు. భవనం పూర్తయి, రిబ్బను కత్తిరించి, అందరూ వెళ్లిపోయిన రెండు మూడేళ్లకు అవి పైనుంచి ఎండుతూ వస్తాయి.

సగం లోతుకు దించడం, అంటే నేల నుంచి నాలుగైదు అడుగులు కిందికి వెళ్లి, తవ్విన మట్టిని చుట్టూ కట్టగా పోయడం మన దగ్గర ఎక్కువ మేలు చేస్తుంది. నీరు పోయే దారి ముందు గీయాలి. గోడలు తర్వాత.

కప్పు మీద తోట వేస్తే పోయిన పచ్చదనం తిరిగి వచ్చినట్టేనా?

రాదు. ఈ మాట ప్రకటనల్లో విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

మామూలుగా జనం ఎక్కే డాబాకు చదరపు మీటరుకు 150 కిలోల వాడకపు బరువు లెక్కిస్తారు. ఒక అడుగు లోతు మట్టి తడిస్తే అదే చదరపు మీటరు మీద 500 కిలోలు దాటుతుంది. చిన్న చెట్టు నిలవాలంటే మూడడుగులకు తగ్గకుండా మట్టి కావాలి, అంటే టన్నున్నరకు పైమాటే. దాన్ని మోయడానికి స్లాబు మందం, దూలాల లోతు, సిమెంటు, ఇనుము అన్నీ పెరుగుతాయి. వేళ్లు దిగకుండా ఒక పొర, నీరు దిగకుండా మరో పొర, నీరు పోవడానికి ఇంకో పొర వేయాలి. వీటిలో ఏది చెడినా పైన మట్టంతా తీస్తే తప్ప మరమ్మతు కుదరదు.

కప్పు తోటతో లాభాలు నిజమైనవే. లోపల వేడి తగ్గుతుంది, వాన నీరు మెల్లగా కిందికి దిగుతుంది, జనానికి కూర్చునే చోటు దొరుకుతుంది. కానీ నేలలో అరవై ఏళ్లుగా ఉన్న చింతచెట్టుతో దాన్ని సమానం చేసి "హరిత నష్టం లేదు" అని నివేదికలో రాయకూడదు. బుడాపెస్ట్ తోట మెచ్చదగినదైంది ఎందుకంటే అది తారు బయలు స్థానంలో వచ్చింది.

చెట్టుకు ఎంత దూరంలో పునాది తీయవచ్చు?

బ్రిటిష్ ప్రమాణం ఒకటి లెక్కకు సులువు. ఛాతీ ఎత్తులో కాండం అడ్డుకొలత ఎంత ఉందో దానికి 12 రెట్లు వ్యాసార్ధంగా తీసుకుని చెట్టు చుట్టూ గీత గీయాలి. గరిష్ఠంగా 15 మీటర్లు. కాండం 60 సెంటీమీటర్లు ఉంటే 7.2 మీటర్లు. ఆ గీత లోపల తవ్వకూడదు, మట్టి నింపకూడదు, సిమెంటు బస్తాలు పేర్చకూడదు, లారీ నడపకూడదు.

చెట్టు వేళ్లు పాతాళానికి పోతాయని మనం అనుకుంటాం. నీటినీ గాలినీ పీల్చే సన్నని వేళ్లలో ఎక్కువ భాగం పైన ఉన్న మీటరు లోతులోనే పరుచుకుని ఉంటాయి. బరువైన బండి రెండుసార్లు తిరిగితే చాలు, మట్టి అణిగి వాటికి ఊపిరి ఆడదు. గొడ్డలి పడకుండానే చెట్టు చచ్చిపోతుంది. కాబట్టి కంచె పని మొదటి రోజే వేయాలి. కాంట్రాక్టు పత్రంలో ఏ చెట్టుకు ఏ నంబరో, అది పోతే ఎంత జరిమానానో రాయాలి. కట్టడం తప్పనిసరిగా దగ్గరికి రావలసిన చోట పొడవాటి పునాది కందకం మానేసి, వేళ్ల మధ్య చూసుకుని అక్కడక్కడా పైల్స్, అంటే నేలలోకి లోతుగా దిగే సన్నని పునాది స్తంభాలు, దించి, వాటి మీద దూలాన్ని నేలకు తగలకుండా నిలపవచ్చు.

డెన్మార్క్‌లో 1958లో తెరిచిన లూసియానా మ్యూజియం ఈ ఓపికకు గొప్ప ఉదాహరణ. యోర్గెన్ బో, విల్‌హెల్మ్ వోలెర్ట్ పాత ఇంటి తోటలో రోజుల తరబడి తిరిగి, చెట్లను చూసుకుని, వాటి మధ్యగా సన్నని గాజు నడవలు మలిచారు.

చెట్లను పెకలించి వేరేచోట నాటవచ్చు కదా?

చిన్నవాటిని, రావి, మర్రి జాతివాటిని జాగ్రత్తగా చేస్తే నాటుకోవచ్చు. వేప, చింత, నేరేడు ముదిరాక కదిలిస్తే బతుకుతాయన్న భరోసా లేదు. తరలింపును చివరి మార్గంగా ఉంచుకోవాలి. నమూనాలో మొదటి అడుగుగా దాన్ని చూపినవారి నుంచి పెన్సిల్ తీసుకోవాలి.

మన ఎండలో అంత గాజు పనికొస్తుందా?

బుడాపెస్ట్‌లో పనికొచ్చింది ఇక్కడ పొయ్యి అవుతుంది. తిరుపతిలో మే నెలలో పాదరసం 40 డిగ్రీలు దాటడం మామూలే. ఆ వేడిలో గాజు గది చల్లబరచాలంటే వచ్చే కరెంటు బిల్లు చిన్న మ్యూజియం నడ్డి విరుస్తుంది. పైగా గాజులో చెట్టు ప్రతిబింబం కనబడి పిట్టలు వచ్చి గుద్దుకుంటాయి. పార్కులో ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ.

విద్యార్థులు తరచు పొరబడే విషయం ఇంకొకటి ఉంది. ఐరోపా పుస్తకాలు చదివి "ఉత్తరం కిటికీలో ఎండ పడదు" అని రాసేస్తారు. తిరుపతి అక్షాంశం సుమారు 13.6 డిగ్రీలు. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మధ్య దాకా మధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. కాబట్టి ఇక్కడ ఉత్తరం కిటికీకి కూడా సన్‌షేడ్ కావాలి. పడమర గోడకు కిటికీలే వద్దు. మెట్లు, మరుగుదొడ్లు, గిడ్డంగి గదులు అటువైపు పెడితే అవే ఎండను ఆపుతాయి. చుట్టూ లోతైన వరండా, దాని ముందు కానుగ చెట్ల వరుస ఉంటే లోపలికి వచ్చేసరికి కళ్లు కూడా మసక వెలుతురుకు అలవాటు పడతాయి.

మన ప్రాంతపు వస్తువులకు ఎలాంటి గదులు కావాలి?

అన్నిటికీ ఒకే ఏసీ హాలు కట్టడం మనవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు. వస్తువులను బట్టి గదులు విడదీస్తే భవనం తనంతట తానే చిన్నదవుతుంది.

ఈ ప్రాంతంలో విరివిగా దొరికేది శిల్పం. రాతికి వెలుతురు వల్ల చెరుపు లేదు. వాన తగలకుండా, కింది నుంచి చెమ్మ ఎక్కకుండా పీఠం కట్టి, తెరిచి ఉన్న వరండాలో నిలపవచ్చు. చెట్ల మధ్య నుంచి పక్కవాటుగా పడే ఉదయపు వెలుగులో శిల్పం ఎంత స్పష్టంగా కనిపిస్తుందో ఏ దీపం కిందా కనిపించదు. ఈ భాగానికి తలుపులు, టికెట్టు, ఏసీ ఏవీ అక్కర్లేదు.

శ్రీకాళహస్తి కలంకారీ దీనికి పూర్తిగా వ్యతిరేకం. బట్టలకు, కాగితానికి, తాళపత్రాలకు మ్యూజియాలు పాటించే వెలుతురు హద్దు 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురును కొలిచే ప్రమాణం). మిట్టమధ్యాహ్నం బయటి ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది, అంటే రెండు వేల రెట్లు. ప్రకృతి రంగులు ఒకసారి వెలిసిపోతే తిరిగి తేలేం. కాబట్టి కలంకారీ గదికి కిటికీ ఉండకూడదు. కొన్ని నెలలకోసారి ఒక తెరను విశ్రాంతికి పంపి మరొకటి వేలాడదీయాలి. కంచు విగ్రహాలకు తేమ, ఉప్పు శత్రువులు. తేమ తక్కువగా ఉండే గాజుపెట్టె చాలు, గది మొత్తాన్ని ఎండబెట్టనక్కర్లేదు. తాళపత్రాలు మరీ పొడిగా ఉంటే పెళుసెక్కి విరుగుతాయి, తేమ ఎక్కువైతే బూజు, పురుగు పడతాయి. వాటికి అంకెకన్నా నిలకడ ముఖ్యం. పగలు ఏసీ వేసి రాత్రి ఆపేయడం అన్నిటికన్నా చెడ్డది.

ఇలా లెక్కవేస్తే గట్టిగా మూసి చల్లబరచవలసిన గదులు మొత్తంలో కొంత భాగమే. మిగతాదంతా మండపంలా తెరిచి ఉంచవచ్చు. పార్కులో భవనం బరువు తగ్గించడానికి ఇంతకన్నా మంచి దారి నాకు కనబడలేదు.

వెళ్లి చూసి నేర్చుకోవడానికి మన దేశంలో ఏమున్నాయి?

చిత్తూరు వారికి అన్నిటికన్నా దగ్గర బెంగళూరు కబ్బన్ పార్కు. 1870లో ఏర్పడిన ఆ పార్కులో ఎర్రటి ప్రభుత్వ మ్యూజియం, పక్కన వెంకటప్ప చిత్రశాల ఉన్నాయి. కొన్ని తరాల భవనాలు ఒకే చెట్ల కింద ఎలా సర్దుకున్నాయో, ఎక్కడ ఇరుకయ్యాయో ఒక పూటలో చూడవచ్చు. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియం కూడా ఇలాంటి పాఠమే.

కొత్తవాటిలో నా మనసుకు దగ్గరైనది అహ్మదాబాద్ సబర్మతి ఆశ్రమంలో చార్లెస్ కొరియా కట్టిన గాంధీ స్మారక సంగ్రహాలయం. 1963 నాటిది. ఆరు మీటర్ల చదరపు గదులు, పెంకు కప్పులు, ఇటుక స్తంభాలు, గాజు బదులు చెక్క రెక్కల కిటికీలు. కొన్ని గదులు మూసి, కొన్ని తెరిచి, మధ్యలో నీటి తొట్టి. అవసరమైనప్పుడు మరో గది చేర్చుకోవచ్చు. గాంధీ ఉన్న ఇంటి పక్కన నిలబడి కూడా దాని కన్నా గట్టిగా మాట్లాడదు. కొరియానే 1982లో భోపాల్‌లో కట్టిన భారత్ భవన్ చెరువు వైపు మెట్లుమెట్లుగా దిగుతుంది. పైనుంచి చూస్తే డాబాలు, లోపలి పెరళ్లు తప్ప భవనం కనిపించదు. పట్నాలో ఫుమిహికో మాకీ సంస్థ గీసిన బిహార్ మ్యూజియం పెద్దది, ఖర్చైనది. అక్కడ చూడవలసింది గదులకూ లోపలి పెరళ్లకూ మధ్య నడక.

వాహనాలు ఎక్కడ నిలపాలి?

పార్కు బయట. దివ్యాంగులకు, పెద్దవారికి, పాఠశాల బస్సు ఆగి పిల్లలను దించడానికి మాత్రం గేటు దగ్గర చోటు వదలాలి.

మ్యూజియం పేరుతో పార్కుకు గేటు వేసి టికెట్టు పెడతారేమో?

ఈ భయం న్యాయమైనది. ఒకసారి కంచె పడితే అది ముందుకు జరుగుతూ పోతుంది. అందుకే నమూనా దశలోనే తేల్చుకోవాలి: టికెట్టు గీత గది గుమ్మం దగ్గర ఉండాలి, పార్కు గేటు దగ్గర కాదు. వరండా, మంచినీళ్లు, మరుగుదొడ్లు, కప్పు మీదికి పోయే మెట్లు మ్యూజియం మూసి ఉన్నప్పుడు కూడా పార్కు వేళల్లో తెరిచే ఉండాలి. పెళ్లి విందులకు అద్దెకిచ్చే పచ్చిక ఏ రూపంలోనూ ఉండకూడదు. నిర్వహణ ఖర్చుకు అదే దారి అని ముందే చెబితే ఆ మ్యూజియం ఇంకా కట్టవలసిన దశకు రాలేదని అర్థం చేసుకోవాలి.

చట్టం ఏమంటుంది?

మూడు విషయాలు గుర్తుంచుకుంటే చాలు. మొదటిది, కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న స్మారకాల చుట్టూ 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపైన మరో 200 మీటర్లలో అనుమతితోనే కట్టాలి. చంద్రగిరి కోట పరిసరాల్లో ఏది తలపెట్టినా ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. రెండోది, చెట్టు కొట్టాలంటే 2002 నాటి మన రాష్ట్ర నీరు, భూమి, చెట్ల చట్టం కింద అనుమతి కావాలి.

మూడోది సుప్రీంకోర్టు తీర్పులు. 1991లో బెంగళూరులో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇవ్వడాన్ని కోర్టు కొట్టేసింది. 1999లో లక్నో అమీనాబాద్‌లోని పాత పార్కు కింద కడుతున్న భూగర్భ దుకాణ సముదాయాన్ని తొలగించి, పార్కును మళ్లీ పార్కుగా చేయమని ఆదేశించింది. ప్రజల ఉద్యానం పాలకుల చేతిలో ఉన్న నమ్మకపు సొత్తు అన్నది వీటి సారం. మ్యూజియం ప్రజలదే కాబట్టి ఈ తీర్పులు తమకు వర్తించవని కొందరు వాదిస్తారు. అమెరికాలో ప్రజల కోసమే తలపెట్టిన లూకాస్ మ్యూజియం షికాగో సరస్సు తీరపు పార్కు భూమి విషయంలో దావా ఎదుర్కొని, 2016లో ఆ నగరాన్నే వదులుకుని, ఆ తర్వాత లాస్ ఏంజెలెస్‌కు వెళ్లింది. ఆ దావా వేసింది కూడా పార్కును ప్రేమించే పౌరులే.

తిరుపతిలో కట్టాలంటే మీరైతే ఎక్కడ కడతారు?

ఊళ్లోని చిన్న పార్కుల్లో దేనిలోనూ పెద్ద భవనం కట్టను. ఉన్న పచ్చదనమే ఊరికి చాలదు. అలిపిరి దారిలో ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం, తిరుమలలో ఎస్వీ మ్యూజియం, చంద్రగిరిలో రాజమహల్ ఇప్పటికే ఉన్నాయి. ఇంకో పెద్ద పెట్టె కట్టేకన్నా, పాత గట్టి భవనాన్ని ఎంచుకుని బాగుచేసి, దాని ఆవరణలో సబర్మతి తరహాలో చిన్న గదులు ఒక్కొక్కటిగా చేర్చుకుంటూ పోతాను. పార్కులోనే తప్పదంటే కూలిపోయిన క్యాంటీనో, వాడని ఫౌంటెనో, తారు పోసిన మూలనో అడుగుతాను. దాని విస్తీర్ణాన్ని దాటకుండా ఒక శిల్ప మండపం కడతాను. బట్టలు, పత్రాలు, నిల్వలు ఊళ్లో మరో మెరక చోట పెడతాను.

డిజైన్ పోటీ పెట్టడం అవసరమా?

అవసరం. ఆర్కిటెక్చర్ కౌన్సిల్ మార్గదర్శకాలు దీనికి ఉన్నాయి. తీర్పరులలో ఉద్యానశిల్పి, వస్తు సంరక్షణ తెలిసినవారు తప్పక ఉండాలి. పోటీ పిలిచేముందే చెట్ల పటం సిద్ధం కావాలి. అది లేకుండా పిలిచిన పోటీలో గెలిచేది అందమైన బొమ్మ.

మా ఊరి పార్కులో భవనం కడతారని పత్రికలో చదివాం. ఇప్పుడు ఏం చేయాలి?

ముందు కాగితాలు అడగండి. 2005 సమాచార హక్కు చట్టం కింద నాలుగు పత్రాలు కోరండి: పార్కు భూమి వినియోగం రికార్డు, నంబర్లతో చెట్ల సర్వే, వాన నీటి పారుదల పటం, పరిశీలించి వదిలేసిన ఇతర స్థలాల వివరం. నాలుగోది చాలాచోట్ల ఉండదు. లేదన్న జవాబు కూడా రాతపూర్వకంగా తీసుకోండి, తర్వాత అదే పనికొస్తుంది. ఒక ఆదివారం ఉదయం పదిమంది కలిసి టేపు పట్టుకుని మీరే చెట్ల కాండాలు కొలిచి పటం గీయండి. అభ్యంతరాలకు గడువు, నమూనాకు బహిరంగ ప్రదర్శన అడగండి. ఆ ప్రదర్శన పార్కులోనే పెట్టమనండి. బొమ్మల్లో ఇప్పుడున్న చెట్లను ఒక రంగులో, కొత్తగా నాటబోయేవాటిని మరో రంగులో, నాటిన ఏడాదికి ఉండే అసలు ఎత్తులో చూపమనండి.